పూచీ నుంచి షూరిటీ దాకా: బెయిల్ చరిత్ర, మన ఆదివాసులు



ఈ మధ్య మన పిల్లలు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. మొదటిది, "మావోడికి బెయిల్ వచ్చిందని లాయరు చెప్పి నెల దాటింది, మనిషి మాత్రం ఇంకా జైల్లోనే ఉన్నాడు, ఎందుకు?" రెండోది, "ఫోన్లో వెతికితే బెయిల్ బాండ్ కంపెనీలు అని వస్తున్నాయి, అలాంటివి మన దగ్గర ఉంటాయా? ఎంత తీసుకుంటారు?" రెండూ ఒకే చోటికి వచ్చి ఆగే ప్రశ్నలు. బెయిల్ ఆర్డరు ఒక తలుపు, విడుదల ఇంకో తలుపు. ఈ రెండింటి మధ్య నిలబడి ఉండేది షూరిటీ. ఈ షూరిటీ ఎక్కడ పుట్టింది, మన గూడేల దాకా ఎలా వచ్చింది, మనోళ్ల దగ్గరే ఎందుకు ఎక్కువ ఇరుక్కుంటోంది అనేది చరిత్ర తెలిస్తేనే అర్థమౌతుంది. కాస్త పొడుగైనా చివరిదాకా చదవండి.

ముందు మాటల సంగతి. తెలుగులో పాత మాట పూచీ. "ఈయనకు నేను పూచీ" అంటే ఈయన రేపు రాకపోతే నన్ను అడగండి అని. జామీను ఫార్సీ నుంచి వచ్చిన మాట, బాధ్యత తీసుకున్న మనిషి అని దాని అర్థం. ఉర్దూ కోర్టులు నడిచిన నిజాం ఇలాకాలో అది జమానత్ అయింది. బెయిల్ పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది, అప్పగించడం అని దాని మూలం. మూడు భాషల్లోనూ మొదట ఉన్నది మనిషే. డబ్బు లేదు, పొలం లేదు, పాస్‌పుస్తకం లేదు. ఒక మనిషిని ఇంకో మనిషి చేతికి అప్పగించడం, అంతే.

మన ఊళ్లలో ఇది ఇప్పటికీ బతికే ఉంది. ఆదిలాబాద్ గోండు గూడేల్లో పట్లా ముందు పంచాయితీ జరిగినా, రాయి సెంటర్‌కు తగువు వెళ్లినా, తూర్పు కనుమల్లో కొండదొర, వాల్మీకి, కోయ పెద్దలు కూర్చున్నా, తప్పు చేశాడన్న వాడిని కట్టేసి ఉంచరు. "వచ్చే వారం మళ్లీ కూర్చుంటాం, వీడిని తెచ్చే బాధ్యత ఎవరిది?" అని అడుగుతారు. మేనమామో, బావో, చిన్నాయనో లేచి "నాది" అంటాడు. వాడికెన్ని ఎకరాలున్నాయని ఎవరూ అడగరు. మాట పోతే ఊళ్లో ముఖం ఎత్తుకోలేడు కాబట్టి ఆ మాటే చాలు.

ఇంగ్లండులోనూ మొదట్లో ఇంతే. జడ్జిలు ఊరూరా తిరిగే కాలంలో విచారణకు నెలలు పట్టేది. అందాకా నిందితుణ్ని కాపాడుకోవడం షెరీఫుకు భారం. అందుకని బంధువులకో ఇరుగుపొరుగుకో అప్పజెప్పేవాళ్లు. కానీ ఎవరిని వదలాలి, ఎవరిని వదలకూడదు అనేది షెరీఫు ఇష్టం కావడంతో లంచాలు మొదలయ్యాయి. 1275లో వెస్ట్‌మినిస్టర్ శాసనం వచ్చి ఏ నేరాలకు బెయిల్ ఇవ్వవచ్చో, వేటికి ఇవ్వకూడదో విడదీసింది. ఇప్పుడు మనం బెయిలబుల్, నాన్‌బెయిలబుల్ అంటున్న ఆలోచనకు మూలం అక్కడే ఉంది. తర్వాత రాజుల కాలంలో ఇంకో ఎత్తుగడ వచ్చింది. బెయిల్ ఇస్తున్నట్టే ఇచ్చి, ఎవరూ కట్టలేనంత మొత్తం అడగడం. దాన్ని ఆపడానికి 1689 హక్కుల చట్టంలో మితిమీరిన బెయిల్ అడగకూడదని రాసుకున్నారు. అమెరికా వాళ్లు అదే మాటను 1791లో తమ రాజ్యాంగంలో ఎనిమిదో సవరణగా పెట్టుకున్నారు. అంటే, ఇచ్చినట్టే ఇచ్చి తీసేసుకునే బెయిల్ మూడు వందల ఏళ్ల కిందటే గుర్తించిన జబ్బు.

ఇప్పుడు కంపెనీల సంగతి. అమెరికా పెద్ద దేశం, జనం ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చినవాళ్లు. పూచీ నిలబడే మేనమామ ఊళ్లో ఉండడు. ఆ ఖాళీలోకి వ్యాపారం వచ్చింది. 1898లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మెక్‌డొనా అన్నదమ్ములు పెట్టిన దుకాణాన్ని తొలి బెయిల్ బాండ్ వ్యాపారంగా చెబుతారు. పద్ధతి ఇది: జడ్జి 10 వేల డాలర్లు అన్నాడనుకోండి, నిందితుడి ఇంటివాళ్లు అందులో పదో వంతు, అంటే వెయ్యి డాలర్లు కంపెనీకి కడతారు. మిగతా మొత్తానికి కంపెనీ కోర్టుకు హామీ ఇస్తుంది. కేసు కొట్టేసినా, నిర్దోషి అని తేలినా ఆ వెయ్యి తిరిగి రాదు. అది కంపెనీ సొమ్ము. ప్రపంచంలో ఇలా బెయిల్‌ను బహిరంగ వ్యాపారంగా నడిపే దేశాలు రెండే, అమెరికా, ఫిలిప్పీన్స్.

ఆ వెయ్యి కూడా లేనివాళ్ల గతి ఏమిటో కలీఫ్ బ్రౌడర్ అనే నల్లజాతి పిల్లవాడి కథ చెబుతుంది. 2010లో న్యూయార్క్‌లో, బ్యాగు దొంగిలించాడని 16 ఏళ్ల వయసులో పట్టుకున్నారు. బెయిల్ 3 వేల డాలర్లు. ఇంట్లో లేవు. విచారణ జరగకుండానే మూడేళ్లు రైకర్స్ ఐలాండ్ జైల్లో ఉన్నాడు, అందులో ఎక్కువ భాగం ఒంటరి గదిలో. 2013లో కేసే ఎత్తేశారు. 2015లో ఆ పిల్లవాడు ఉరేసుకుని చనిపోయాడు. ఇలాంటివి చూసి చూసి ఇల్లినాయ్ రాష్ట్రం 2023 సెప్టెంబరు 18 నుంచి డబ్బు బెయిల్‌ను పూర్తిగా రద్దు చేసింది.

మన దేశంలో బెయిల్ బాండ్ కంపెనీలు లేవు. ఇక్కడ షూరిటీ అంటే మనిషే. పైగా షూరిటీగా నిలబడేవాడికి ముందే డబ్బిచ్చి, "నీకు నష్టమొస్తే నేను కడతా" అని ఒప్పందం చేసుకుంటే అది చెల్లదని మన కోర్టులు బ్రిటిష్ కాలం నుంచీ చెబుతూ వచ్చాయి. కారణం తేలిగ్గానే అర్థమౌతుంది. పోయేది తన సొమ్ము కాదనుకుంటే ఆ షూరిటీ నిందితుడి మీద కన్నేసి ఉంచడు. కాబట్టి కోర్టు వరండాలో "షూరిటీలు మేం చూసుకుంటాం, ఇంత ఇవ్వండి" అని వచ్చే బ్రోకరు ఏ సర్వీసూ కాదు. వాళ్లు పెట్టే పాస్‌పుస్తకం నకిలీదని తేలితే బెయిల్ రద్దు కావచ్చు, ఇంకో కేసు మీద పడొచ్చు. డబ్బు పోతుంది, మనిషి మళ్లీ లోపలికి పోతాడు.

ఇక ఈ చట్టం మన కొండల్లోకి ఎలా వచ్చిందో చూద్దాం. 1839లో కంపెనీ సర్కారు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తీసి ఏజెంటు చేతిలో పెట్టింది. ఏజెన్సీ అనే మాట అట్లా మిగిలింది. దేశమంతటికీ తొలి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1861లో వచ్చింది, 1872, 1882, 1898లలో మళ్లీ మళ్లీ తిరగరాశారు. పూచీ, బాండు, బెయిల్ అన్నీ కాగితం మీదికి వచ్చినది ఈ కోడ్‌లతోనే. అదే కాలంలో 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులన్నారు. 1878 అడవి చట్టం, మద్రాసు రాష్ట్రానికి 1882 అడవి చట్టం వచ్చి నిన్నటిదాకా మామూలు పని అయిన కట్టె కొట్టడం, పోడు నరకడం కేసులు అయ్యాయి. అంటే ఒక చేత్తో నేరాలను పెంచారు, రెండో చేత్తో బయటికి రావాలంటే కాగితం తెమ్మన్నారు.

మైదానం కోర్టు మనోళ్లను ఎట్లా కొట్టిందో చెప్పడానికి 1879 రంప తిరుగుబాటు ఉంది. ఆ తిరుగుబాటుకు చిగురుపన్ను ఒక కారణమని అందరం చదివాం. ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను. రెండో కారణాన్ని తక్కువగా చెబుతారు, అది కోర్టు డిక్రీలు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు అప్పు కాగితాలు రాయించుకుని దూరపు కోర్టుల్లో దావాలు వేసేవాళ్లు. కొండ మీది మనిషికి సమను సంగతే తెలియదు, తెలిసినా అంత దూరం పోలేడు. ఎదుటి పక్షం లేకుండానే తీర్పు. తర్వాత పశువుల్ని, సామాన్లను జప్తు చేసుకుని పోయేవాళ్లు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రారెడ్డి, అంబుల్‌రెడ్డి నాయకత్వంలో జనం లేచింది ఈ అన్యాయాల మీద కూడా. కోర్టుకు రాలేనివాడు ఓడినట్టే అనే సూత్రం మన మీద పనిచేయడం అప్పుడు మొదలైంది. అప్పటిది సివిల్ డిక్రీ, ఇప్పటిది షూరిటీ కాగితం. దూరం మాత్రం అదే.

స్వాతంత్య్రం వచ్చాక కొత్త కోడ్ 1973లో రాసి 1974 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. బెయిల్ పద్ధతి మాత్రం పాతదే. మార్పు మొదలైంది సుప్రీంకోర్టులో, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దగ్గర. 1977లో రాజస్థాన్ ప్రభుత్వం, బాల్‌చంద్ కేసులో ఆయన మూల సూత్రం చెప్పారు. పారిపోతాడని, సాక్షులను బెదిరిస్తాడని కారణం ఉంటే తప్ప బెయిల్ మామూలు, జైలు మినహాయింపు అని. అదే ఏడాది డిసెంబరులో గుడికంటి నరసింహులు కేసు, అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లింది. విచారణలో ఉన్న మనిషిని లోపల పెట్టడం శిక్షగా మారకూడదని, బెయిల్ అనేది జడ్జి ఇష్టాయిష్టాల మీద కాక వ్యక్తి స్వేచ్ఛ మీద నిలబడే విషయమని అందులో వివరంగా రాశారు. ఇప్పటికీ దేశంలో ఏ కోర్టులో బెయిల్ వాదన జరిగినా ఈ కేసు పేరు వినిపిస్తుంది.

మనం పేరుతో సహా గుర్తుపెట్టుకోవాల్సినది మాత్రం 1978 ఆగస్టులో వచ్చిన మోతీరాం కేసు. మధ్యప్రదేశ్‌లో మోతీరాం ఒక మేస్త్రీ, ఇళ్లు కట్టేవాడు. సుప్రీంకోర్టే అతనికి బెయిల్ ఇచ్చి, షూరిటీ సంగతి కింది మేజిస్ట్రేటుకు వదిలింది. మేజిస్ట్రేటు 10 వేలకు షూరిటీ తెమ్మన్నాడు. ఆ కాలంలో మేస్త్రీకి 10 వేలంటే ఆలోచించండి. సొంత అన్నదమ్ముడు నిలబడతానన్నా, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. మోతీరాం మళ్లీ సుప్రీంకోర్టుకు పోవాల్సి వచ్చింది. కృష్ణయ్యర్ గట్టిగానే తలంటారు. ఒక తెలుగువాడో తమిళుడో బస్తరులో పట్టుబడితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ని ఎక్కడి నుంచి తెస్తాడని అడిగారు. జిల్లా పేరు చెప్పి షూరిటీని తిరగ్గొట్టడం తప్పన్నారు. పేదవాడిని సొంత బాండు మీద కూడా వదలొచ్చని చెప్పి, మోతీరాంను వెయ్యి రూపాయల సొంత బాండు మీద విడుదల చేయమన్నారు. వెయ్యి కట్టమని కాదు సుమా, రాకపోతే వెయ్యికి బాధ్యుణ్ని అని సంతకం పెట్టడం.

మరుసటి ఏడాది, 1979లో, హుస్సేనారా ఖాతూన్ కేసు. బీహారు జైళ్లలో విచారణ ఖైదీలు ఏళ్ల తరబడి మగ్గుతున్నారని పత్రికలో వచ్చిన కథనాలు చూసి న్యాయవాది కపిలా హింగోరాణి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇప్పటి జార్ఖండ్ అప్పుడు బీహారులో భాగమే. తమ మీద ఉన్న కేసుకు పడగలిగే పూర్తి శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ లేకుండా లోపల ఉన్నవాళ్లు బయటపడ్డారు. ఆ ఉత్తర్వులతో వేలమంది విడుదలయ్యారు. జస్టిస్ పి.ఎన్. భగవతి అందులో ఒక ముఖ్యమైన పని చేశారు. 1961లో న్యూయార్క్‌లో వెరా సంస్థ మన్‌హాటన్ బెయిల్ ప్రాజెక్ట్ అని ఒక ప్రయోగం చేసింది. డబ్బు అడగకుండా, మనిషికి ఆ ఊళ్లో ఉన్న వేళ్లు చూసి వదిలితే కోర్టుకు వస్తారా రారా అని. బాగానే వచ్చారు. ఆ అనుభవాన్ని ఎత్తి చూపుతూ భగవతి మనకూ ఒక జాబితా ఇచ్చారు: ఎంతకాలంగా ఆ ఊళ్లో ఉంటున్నాడు, పని ఏమిటి, కుటుంబ బంధాలు ఏమిటి, మంచిపేరు ఉందా, పాత కేసులున్నాయా, ఊళ్లో బాధ్యత గలవాళ్లు ఎవరైనా అతని గురించి చెప్పగలరా. ఇవి బాగుంటే సొంత బాండు మీద వదలొచ్చు.

ఈ జాబితా ఇంకోసారి చదవండి. పుట్టిన గూడెంలోనే పెరిగి, అక్కడే పోడు చేసుకుంటూ, ఊరంతా చుట్టాలే ఉన్న మన మనిషి కంటే ఎక్కువ వేళ్లు ఎవరికుంటాయి? మన పట్లాలు, పెద్దలు వాడే పూచీనే సుప్రీంకోర్టు 1979లో చట్టం భాషలో చెప్పింది. అయినా కింది కోర్టులో అడుగుతున్నది మాత్రం పట్టాదారు పాస్‌పుస్తకం, ఇంటిపన్ను రసీదు, తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్, లేదంటే ప్రభుత్వ ఉద్యోగి జీతం కాగితం.

ఇక్కడే మనకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. 1959 భూబదలాయింపు నియంత్రణ చట్టం, దాన్ని బలపరిచిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అంటే మనం 1/70 అనుకునేది, ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా కాపాడుతోంది. అది మన ప్రాణం. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసులకు వస్తుంది, కానీ అమ్మడానికి, బదిలీకి వీల్లేదు. అదీ మన మంచికే. షూరిటీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అమ్మకానికి పనికిరాని భూమికి విలువ ఏం కడతాం అనే ప్రశ్న వస్తుంది. భూమిని కాపాడే చట్టమే మనిషిని బయటికి తెచ్చే చోట బలహీనమౌతోంది. దీనికి జవాబు ఆ చట్టాలను సడలించడం కాదు, అట్లా ఎవరైనా అంటే నమ్మకండి. భూమిని తూచే పద్ధతినే పక్కన పెట్టమని కోర్టును అడగడం జవాబు. మోతీరాం, హుస్సేనారా తీర్పులు చెబుతున్నది అదే. షూరిటీకి భూమే ఉండాలని కోడ్‌లో ఎక్కడా లేదు. షూరిటీ తగినవాడా కాదా అని తేల్చుకోవడానికి కోర్టు అఫిడవిట్ తీసుకోవచ్చు.

2005లో కోడ్‌ను సవరించారు, మార్పులు 2006లో అమల్లోకి వచ్చాయి. రెండు ముఖ్యమైనవి. బెయిలబుల్ కేసులో అరెస్టయిన వారం లోపల షూరిటీ ఇవ్వలేకపోతే ఆ మనిషిని పేదవాడిగానే భావించాలి, సొంత బాండు మీద వదలాలి. రెండోది 436ఏ, కేసుకు ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగా ఉంటే విడుదలకు అర్హుడు. చట్టం మారింది, జైళ్లు మాత్రం ఖాళీ కాలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివర దేశంలో 5,73,220 మంది ఖైదీలుంటే వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్ష పడలేదన్నమాట.

మన పక్కనే బస్తరులో జరిగింది చూడండి. 2017 బుర్కాపాల్ దాడి కేసులో పట్టుకెళ్లిన 121 మంది ఆదివాసులు ఐదేళ్లు జైల్లో ఉండి, 2022 జూలైలో నిర్దోషులుగా బయటికి వచ్చారు. జార్ఖండ్ ఆదివాసీ విచారణ ఖైదీల కోసం పనిచేసిన స్టాన్ స్వామి, తనే విచారణ ఖైదీగా, బెయిల్ కోసం ఎదురుచూస్తూ 2021 జూలై 5న కన్నుమూశారు.

2022 నవంబరు 26, రాజ్యాంగ దినం. సుప్రీంకోర్టు వేదిక మీద రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి హిందీలో మాట్లాడారు. చిన్న గొడవలకే జైలుకు పోయి ఏళ్లు గడిపే పేదల గురించి, ఉన్న గిన్నెలు కూడా అమ్ముకోవాల్సి వస్తుందేమోనని విడిపించుకోవడానికి ఇంటివాళ్లే జంకడం గురించి చెప్పారు. దేశం అభివృద్ధి అవుతుంటే జైళ్లు ఎందుకు పెరగాలని అడిగారు. మయూర్‌భంజ్ సంతాలీ ఇంటి నుంచి వచ్చిన మనిషి ఆ మాట అనడం జడ్జీలకు తగిలింది. మూడు రోజులకే సుప్రీంకోర్టు, బెయిల్ వచ్చి కూడా బయటికి రాని ఖైదీల వివరాలు ఇవ్వమని జైళ్లను అడిగింది. 2023 జనవరి 31న ఉత్తర్వులు వచ్చాయి. వాటి సారాంశం ఇది, దయచేసి దాచుకోండి:

బెయిల్ ఆర్డరు కాపీని కోర్టు అదే రోజో మరుసటి రోజో ఈమెయిల్‌లో జైలుకు పంపాలి. వారంలో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. వాళ్లు ఖైదీ ఇంటి పరిస్థితి మీద నివేదిక తయారు చేయించి, షరతులు తగ్గించమని కోర్టు ముందు పెట్టొచ్చు. బయటికి వచ్చాక షూరిటీలు తెచ్చుకుంటానని ఖైదీ అడిగితే కొన్ని రోజుల తాత్కాలిక బెయిల్ ఇచ్చే విషయం చూడొచ్చు. నెల దాటినా బాండు పెట్టలేకపోతే కోర్టు తనంతట తనే షరతులు సడలించే విషయం ఆలోచించొచ్చు. స్థానిక షూరిటీయే కావాలని పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణం, అలాంటి షరతు పెట్టకపోవడం మంచిది. మోతీరాంకు చెప్పిన మాటనే 45 ఏళ్ల తర్వాత మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

2024 ఆగస్టులో గిరీష్ గాంధీ కేసులో ఇంకో అడుగు పడింది. ఒకడి మీద 13 కేసులుంటే ప్రతిదానికీ వేరువేరు షూరిటీలు ఎక్కడి నుంచి తెస్తాడని, వాళ్లనే మిగతా కేసులకూ ఒప్పుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. అతిగా అడిగిన బెయిల్ బెయిలే కాదని గుర్తు చేసింది.

2024 జూలై 1 నుంచి పాత కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో బెయిల్, బాండు, బెయిల్ బాండు అనే మాటలకు అర్థాలు రాశారు, 1973 కోడ్‌లో బెయిల్ అంటే ఏమిటో రాసి లేదు. పాత 436 ఇప్పుడు 478, పాత 436ఏ ఇప్పుడు 479. 479లో కొత్తగా, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల ఉంటే విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకు ఇది లేదు. ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగులో ఉన్నా వర్తించదు, మనవాళ్లకు ఎక్కువగా అడ్డుపడేది ఇదే. జూలై 1కి ముందు నమోదైన కేసుల వాళ్లకూ 479 వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక అందరం మాట్లాడటానికి వెనకాడే విషయం, గంజాయి కేసులు. అల్లూరి జిల్లా నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి కూలికి మూట మోసిన పిల్లలు జైళ్లలో ఉన్నారు. మూట సొంతదారు ఎప్పుడూ దొరకడు. 1985 మత్తుమందుల చట్టంలో 37వ సెక్షన్ ప్రకారం వాణిజ్య పరిమాణం అయితే, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని, బయటికి వచ్చాక నేరం చేయడని జడ్జి అనుకుంటే తప్ప బెయిల్ రాదు. గంజాయికి ఆ పరిమాణం 20 కిలోలు. 20 లోపైతే ఈ కఠిన షరతు లేదు. కాబట్టి మొదట చూడాల్సింది ఎఫ్‌ఐఆర్‌లో ఎన్ని కిలోలు రాశారన్నది. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా ఉన్న ఆకులు, గింజలు అందులోకి రావు. తూకం ఎట్లా వేశారన్నది లాయరు అడగాల్సిన ప్రశ్న.

1994లో సుప్రీంకోర్టు, పదేళ్ల కనీస శిక్ష పడే మత్తుమందుల కేసుల్లో ఐదేళ్లు లోపల ఉన్నవాళ్లను వదలమంది. కానీ లక్ష రూపాయల బెయిల్, అంతే మొత్తానికి ఇద్దరు షూరిటీలు అని షరతు పెట్టింది. ఐదేళ్లు పోయాక కూడా పేదవాడికి ఆ తలుపు మూసే ఉంది. 2023 మార్చిలో మొహమ్మద్ ముస్లిం కేసులో కొంచెం తెరుచుకుంది. 23 ఏళ్లకు గంజాయి కేసులో లోపలికి పోయి, ఏడేళ్లు దాటినా విచారణ పూర్తికాని మనిషికి బెయిల్ ఇస్తూ, విచారణ ఇంత ఆలస్యమైతే 37వ సెక్షన్ అడ్డు కాకూడదని కోర్టు చెప్పింది.

చరిత్ర ఇంత. ఇప్పుడు మన ఊళ్లో ఎవరినైనా తీసుకెళితే మనం చేయాల్సినవి వరుసగా చెబుతాం.

ఒకటి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, దారి ప్రయాణం సమయం వేరు. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. తేదీ, టైము రాసుకోండి.

రెండు, కేసు నంబరు, సెక్షన్లు అడగండి. బెయిలబుల్ అయితే బెయిల్ హక్కు, స్టేషన్లోనే ఇవ్వొచ్చు. నాన్‌బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు, కోర్టు ఆలోచించి ఇస్తుందని. ఆడవాళ్లు, జబ్బుపడినవాళ్ల విషయంలో చట్టం కొంత మెత్తగా ఉంటుంది. తహసీల్దారు ముందు చేసే బైండోవర్ వేరు, బెయిల్ వేరు. బైండోవర్ ముందుజాగ్రత్త పేరుతో రాయించుకునే హామీ.

మూడు, లాయరు ఫీజుకు మేకలు అమ్మకండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగల వాళ్లందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోను నంబరు 15100.

నాలుగు, రోజులు లెక్కపెట్టండి. మామూలు కేసుల్లో 60 రోజులు, పదేళ్లు ఆపైన శిక్ష పడే పెద్ద కేసుల్లో 90 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. వాణిజ్య పరిమాణం గంజాయి కేసులో ఇది 180 రోజులు, కోర్టు పొడిగించొచ్చు. చార్జిషీటు పడకముందే దరఖాస్తు పెడితేనే ఈ హక్కు. ఒక్క రోజు ఆలస్యమై చార్జిషీటు పడితే పోతుంది.

ఐదు, మొత్తం ఎక్కువగా ఉంటే తగ్గించమని అడగండి. మనిషి పరిస్థితి చూసి, అతి కాకుండా నిర్ణయించాలని 484వ సెక్షన్ చెబుతోంది. తగ్గించే అధికారం సెషన్స్ కోర్టుకు, హైకోర్టుకు ఉంది. పేద ఖైదీలకు సాయం పేరుతో కేంద్రం 2023లో తెచ్చిన పథకం మొదటి మార్గదర్శకాల్లో బెయిల్ కోసం 40 వేల దాకా ఇవ్వొచ్చని ఉంది. అయితే మత్తుమందుల కేసులను అందులోంచి తీసేశారు. కమిటీ ప్రతి జిల్లాలో ఉంటుంది, అడగాలి.

ఆరు, షూరిటీగా నిలబడేవాళ్లకు నిజం చెప్పండి. నిందితుడు వాయిదాకు రాకపోతే బాండు మొత్తం వాళ్ల మీద పడుతుంది. కాబట్టి వాయిదాలకు మనిషిని పంపించడం ఊరందరి బాధ్యత. చింతూరు నుంచి రాజమండ్రి జైలు, కోర్టు వంద కిలోమీటర్లు దాటుతుంది. బస్సు ఖర్చుకు చందా వేసుకోవడం షూరిటీ పోగొట్టుకోవడం కంటే తేలిక.

ఏడు, ఇది మన విద్యార్థులు చేయగల పని. ఊరి నుంచి ఒక కాగితం తయారు చేయండి. మనిషి పుట్టింది ఎక్కడ, ఎన్నేళ్లుగా ఉంటున్నాడు, పని ఏమిటి, ఇంట్లో ఎవరెవరు, పిల్లలు ఏ ఆశ్రమ పాఠశాలలో ఉన్నారు, పాత కేసులున్నాయా లేవా. ఆధార్, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పోడు పట్టా నకళ్లు జతపరచండి. గ్రామసభలో చదివి పెద్దలతో సంతకాలు, వేలిముద్రలు పెట్టించి లాయరు చేతికివ్వండి. కోర్టు దీన్ని ఒప్పుకోవాలని రూలు లేదు. కానీ హుస్సేనారా జాబితాలో అడిగిన ప్రతి ప్రశ్నకూ ఇది జవాబు. న్యాయ సేవాధికార సంస్థ నివేదికకూ ఇదే ఆధారం అవుతుంది.

1879లో మన తాతలు ఓడింది వాళ్ల తరఫున ఆ కోర్టు గదిలో ఎవరూ లేకపోవడం వల్ల. ఇప్పుడు డిగ్రీలు, లా చదివే పిల్లలు మనకున్నారు. మన ఐటీడీఏ పరిధిలో ఒక్కో మండలానికి ఇద్దరు ముగ్గురు ఈ లెక్కలు రాసే బాధ్యత తీసుకుంటే, బెయిల్ వచ్చి కూడా లోపలే ఉన్నవాళ్ల పేర్లు ఒక్క నెలలో బయటికి వస్తాయి. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఉంటే కేసు నంబరు, ఆర్డరు తేదీ కనుక్కుని ముందు 15100కు ఫోన్ చేయండి. పేర్లు మాత్రం గ్రూపులో పెట్టొద్దు, కేసుకు ఇబ్బంది. మండలం పేరు చెప్పండి, దగ్గర్లో ఉన్న మన లా విద్యార్థులతో కలుపుతాం.

జై ఆదివాసీ!